నడిపి అనే మాట

ఆపా పోయిన సంగతి నాకు పన్నెండు రోజులు ఆలస్యంగా తెలిసింది. ప్రొద్దుటూరులో ఒక జిరాక్సు అంగట్లో, ఇదివరకు మా ఆఫీసులో పనిచేసినతను కనిపించాడు. నా కాగితాలు అందుకుని మిషను మీద పరుస్తూ మాటల మధ్యలో చెప్పాడు. పులివెందులలో కూతురి ఇంట్లోనే జరిగిందట. రెండు రోజుల జ్వరమట. "మీకెవురో చెప్పింటారనుకున్న్యా సార్" అన్నాడు. ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినంత దగ్గరివాణ్ణి కాను. నాలుగు ప్రతులు కావలసిన చోట ఆరు తీయించుకుని ఇంటికి వచ్చాను.

ఆపా అంటే అక్క. ఆఫీసులో అందరం ఆమెను అలాగే పిలిచేవాళ్ళం. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. ఆమె పేరు ఇక్కడ రాయను. పేర్ల విషయంలో నేను చేసింది చాలు.

మా ఆఫీసు ఒక చీరల అంగడి పైన మేడమీద ఉండేది. ఒక సోలార్ కంపెనీ జమ్మలమడుగు వైపు, లింగాల వైపు మెట్టభూములు కౌలుకు తీసుకోదలిచింది. తీసుకునే ముందు ఏ చేను నిజంగా ఎవరిదో తేల్చుకోవాలి. ఆ తేల్చే పని మాది. రైతులు ఇచ్చిన పాత దస్తావేజులు మూటలుగా వచ్చేవి. వాటిని స్కాన్ చేసి, కంప్యూటరు మీద చదివి, తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకుకు, మధ్యలో అమ్మకాలూ కుదువ తాకట్లూ చూసుకుంటూ వచ్చి, చివరికి ఫలానా సర్వే నంబరు ఫలానా మనిషిది అని ఒక పేజీ రిపోర్టు రాయాలి. చదివేవాళ్ళు పదకొండు మంది. పదిమంది డిగ్రీవాళ్ళు. పదకొండో మనిషి ఆపా.

వాళ్ళమీద నేను. నేను పదో తరగతితో ఆగినవాణ్ణి. నూనె మిల్లులో గుమాస్తాగా ఉన్నప్పుడు కంప్యూటరులో గడులు గీసి లెక్కలు వేయడం ఎవరి దగ్గరా కూర్చోకుండా నేర్చుకున్నాను. ఎంత పని జరిగింది, ఎంత మిగిలింది, ఎప్పటికి అవుతుంది అనే మూడు ప్రశ్నలకు ఎప్పుడడిగినా జవాబు చెప్పగలను. కంపెనీవాళ్ళకు కావలసింది అదే. నన్ను తీసుకున్నారు.

ఆపాను తీసుకున్నది మాత్రం నేనే. జమ్మలమడుగు నుంచి బస్సులో వచ్చి, మెట్లెక్కిన ఆయాసం తీరకముందే పని ఉందా అని అడిగింది. ఏం చదివారన్నాను. "ఐదు. ఆడికే మాన్పిచ్చినారు" అంది. పంపించేద్దామనుకుంటూ, అప్పటికి వారం రోజులుగా ఎవరికీ అంతుబట్టని ఒక పాత కాగితం ఆమె ముందు పెట్టాను. గొలుసుకట్టు రాత. అక్షరానికీ అక్షరానికీ మధ్య కలం ఎత్తకుండా రాసింది. ఆమె కూర్చోకుండానే చదివింది. చదివి, "మీరిది అమ్మకమని రాసుకున్న్యారు. అమ్మకం కాదప్పా, కుదువ. అయిదేండ్లకు ఇడిపిచ్చుకునేటట్లు" అంది. మరునాటి నుంచి రమ్మన్నాను.

మిగతా అందరికీ నేను సార్. ఆమెకు మొదటి రోజు నుంచీ అప్పానే.

ఆమె నాన్న జమ్మలమడుగులో దస్తావేజులు రాసేవాడట. ఆయన రాసిన కాగితం సిరా ఆరేదాకా రెండు చేతులతో పట్టుకుని నిలబడటం చిన్నప్పుడు ఆమె పని. ఆరేలోపు చదివేదట. అలా నేర్చుకుంది. కలం మాత్రం అన్నల చేతికి వెళ్ళింది. వాళ్ళలో ఒకతను దాన్ని వదిలేసి కువైటుకు పోయాడు. వీధిలో ఆడవాళ్ళు మాత్రం తమ కాగితాలు తెచ్చి ఆమెతోనే చదివించుకునేవారు. ఒక కుర్చీ వేసి, కూర్చోబెట్టి, నువ్వు చదువు, నువ్వు చెప్పిందే మేం రాసుకుంటాం అన్న చోటు తన యాభై ఏడేళ్ళలో ఇదొక్కటేనని ఆమే ఒకసారి చెప్పింది. గొప్పగా చెప్పలేదు. టిఫిన్ డబ్బా మూత పెడుతూ అంది.

ఆమె చదివే తీరు ఎవరికీ ఉండేది కాదు. తెరమీద దస్తావేజు తెరవగానే ఎడమ అరచేతితో పేర్లున్న చోటు మూసేసేది. ముందు హద్దులు చదివేది. తూర్పున ఎవరి చేను, పడమర ఏ వాగు, ఏ వంక, ఉత్తరాన ఎవరి బావి. పెదవులు కదిలేవి, మాట బయటికి వచ్చేది కాదు. నాలుగు దిక్కులూ అయ్యాకే చెయ్యి తీసేది. ఎందుకలా అంటే, "పేరు ముందుగానే కండ్లల్ల పడితే, అదే నిజమనుకుంటామప్పా. చుట్టూ ఉండేటోళ్ళను అడిగినాంకనే మనిషి దగ్గరికి పోవల్ల" అనేది. సాయంత్రానికి ఆమె తెరనిండా వేలిముద్రలు. పాత క్యాలెండరు కాగితాలు చించి తెచ్చుకుని వాటి వెనకవైపు వంశవృక్షాలు గీసేది. అందులో ఆడపిల్లలను కూడా చేర్చేది. రిపోర్టులో వాళ్ళకు చోటు లేదని చెప్తే, చోటు లేకపోతే పుట్టకుండా పోతారా అంది.

ఒక్కోసారి ఒక కట్ట ఎంతకూ తేలేది కాదు. అప్పుడు దాన్ని మూసేసి వేరేది తెరిచేది. "ఇది నానల్లప్పా" అనేది. పప్పు నానబెట్టినట్టే. రెండు రోజులకో మూడు రోజులకో, అన్నం తింటూనో బస్సు దిగి వస్తూనో, ఉన్నట్టుండి తేలేది. అది ఎలా తేలేదో ఆమెకూ తెలియదు.

నా దగ్గర మాత్రం నానేవాటికి గడి లేదు.

నెల దాటేసరికి కంపెనీవాళ్ళు తొందర మొదలుపెట్టారు. నేను గోడకు ఒక తెల్ల బోర్డు తగిలించాను. ఎడమవైపు పదకొండు పేర్లు, పైన తేదీలు. ప్రతి సాయంత్రం ఎవరెన్ని రిపోర్టులు పూర్తిచేశారో రాసేవాణ్ణి. పన్నెండు దాటితే ఆకుపచ్చ, ఎనిమిదికి తగ్గితే ఎరుపు. ఆపాకు నాలుగు, అయిదు, ఒక్కోరోజు మూడు. ఆమె వరుస ఎప్పుడూ ఎరుపే. ఒక పూట వెనక కుర్చీ వేసుకుని, గడియారం పెట్టుకుని చూశాను. పదకొండు నిమిషాలు ఆమె మౌసు ముట్టుకోలేదు. కళ్ళు మూసుకుని కూర్చుంది. నేను పదకొండు అని రాసుకున్నాను.

అదే పూట ఇంకొకటి కూడా చూశాను. పదిమందిలో ఏడుగురు లేచి ఆమె దగ్గరికి వచ్చారు. ఆపా, ఈ అక్షరమేంది? ఆపా, మరువు అంటే యేంది? ఆపా, ఈయన ఆయనకు తమ్ముడా, అల్లుడా? ఆమె తన తెర వదిలి వాళ్ళ తెర దగ్గరికి నడిచేది. చెప్పి వచ్చి కూర్చునేసరికి ఇంకొకరు. ఇద్దరి సమయం పోతోంది కదా అనుకున్నాను. సందేహాలేమున్నా సాయంత్రం నాలుగు నుంచి నాలుగున్నర మధ్యలోనే అడగాలి, మిగతా వేళల్లో ఎవరూ కుర్చీ వదలకూడదు అని నియమం పెట్టాను.

ఆ వారం లెక్క పెరిగింది. తొమ్మిది వరుసలు ఆకుపచ్చ. సందేహాలు ఎలా తీరాయని నేను అడగలేదు. తీరలేదు. సాయంత్రం దాకా ఎవరు ఆగుతారు? తోచింది రాసి తరువాతిదానికి వెళ్ళారు.

ఆపా మాత్రం ఒక రోజు అందరూ దిగిపోయాక బోర్డు ముందు నిలబడి, తన వరుసను వేలితో చివరిదాకా చూసుకుంది. తరువాత నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఇంకో గడి గీయప్పా. ఎవురెవురు నన్నడిగినారో, నేను ఎన్ని చెప్పినానో అందులో రాస్తా. ఊరికే కూచున్న్యట్ల కనపడతాండా నేను."

నేను ఆలోచించే జవాబు చెప్పాను. "అడిగినోళ్ళ లెక్కలో అది ఎట్లాగూ వచ్చేస్తాది గదాపా. ఒగదాన్నే రెండుసార్లు ఎట్ల లెక్కపెడ్తాం?"

లెక్క ప్రకారం నా మాటలో తప్పులేదు. ఒకే రిపోర్టును రెండు చోట్ల వేస్తే మొత్తం తప్పుతుంది. మిల్లులో పద్దెనిమిదేళ్ళు ఆ ఒక్క తప్పు జరగకుండా చూసుకుని పేరు తెచ్చుకున్నాను. ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, "అదీ నిజమేలే" అని సంచి తీసుకుని మెట్లు దిగింది. ఆమె అడిగింది మొత్తం లెక్క గురించి కాదని, తన గురించి అని నాకు తట్టడానికి రెండేళ్ళు పట్టింది.

నడిపి సంగతి ఆ తరువాతది.

మా వైపు దర్గాకు మొక్కుకుని పిల్లలకు దస్తగిరి అనో మస్తాననో పేరు పెట్టడం మామూలు. అలా పెట్టేవాళ్ళలో హిందువులూ ఉంటారు. తాత పేరే మనవళ్ళందరికీ పెట్టే ఇళ్ళూ ఉన్నాయి. అన్నదమ్ములు ముగ్గురికీ ఒకే పేరుంటుంది. పెద్ద దస్తగిరి, నడిపి దస్తగిరి, చిన్న దస్తగిరి. నడిపి అంటే నడిమివాడు. ఇంటిపేరు ఒకటే, తండ్రి పేరు ఒకటే. తేడా అంతా ఆ ముందుమాటలోనే ఉంటుంది. దస్తావేజుల్లో అది ఒకచోట నడిపి అని, ఒకచోట ఒట్టి 'న' అని, ఒకచోట ఏమీ లేకుండా ఉండేది. కంప్యూటరు పేరును పేరుతో సరిపోల్చుకుంటూ పోతుంది. అక్షరం తేడా ఉంటే ఆగిపోతుంది. ఆగిన ప్రతిచోటా మనిషి కూర్చుని చదవాలి. ఒక్కో రిపోర్టులో ఎంత సమయం అందుకు పోతోందో లెక్కవేశాను. పేర్ల ముందు పెద్ద, నడిపి, చిన్న అనే మూడు మాటలు తీసేస్తే, ఆగేవి మూడోవంతుకు పడిపోతాయి. కంపెనీ మనిషికి చెప్తే చేతులు పట్టుకుని ఊపాడు. మరునాడు అందరినీ నిలబెట్టి చెప్పాను.

ఆపా వెనక వరుసలోంచి అడిగింది. "ఏమప్పా, నడిపిని తీసేస్తాండావంట?"

"అది పేరు గాదు గదాపా. ఉత్త పిలుపు."

"పిలుపే. మనిషిని పిల్చేదానికి గాకుంటే పేరెందుకు? అన్నానికి రా దస్తగిరీ అని పిలిస్తే ముగ్గుర్లో ఎవురు రావల్ల?"

"అన్నానికైతే ముగ్గురూ వస్తారాపా" అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వు ఆగాక అంది: "అన్నానికి ముగ్గురూ వస్తారు నాయనా. మీరిట్ల రాస్తే చేని కాడికి మాత్రం పెద్దోడొక్కడే వస్తాడు."

నవ్వు నా మీదికి మళ్ళినట్టు అనిపించింది నాకు. గోడ వైపు చెయ్యి చూపించాను.

"నిన్న నీవి మూడే, ఆపా."

ఎవరూ నవ్వలేదు. ఆమె బోర్డు వైపు తిరగను కూడా తిరగలేదు. "మూడే అప్పా. నాలుగోది నానుతాండాది" అని కూర్చుంది.

ఆ నెలాఖరున కంపెనీ నుంచి, వరుసలో అట్టడుగున ఉన్నవాళ్ళను ఏం చేస్తున్నారని కబురొచ్చింది. తీసేయడానికి మనసొప్పలేదు. తీసేయకుండా ఉండే దారి వెతికానని అప్పట్లో నా గురించి నేను మంచిగానే అనుకున్నాను. ఆమెను చదివే కుర్చీ నుంచి స్కానింగు గదికి మార్చాను. కాగితం అద్దం మీద పెట్టి మూత వేసి తీయడం. ఆ గది కిటికీ లేని గది. మొదటి రోజే ఆరువందల పేజీలు చేసింది. ఆమె పేరు బోర్డు మీద మొదటిసారి ఆకుపచ్చలో రాసి, చూడమని పిలిచాను. వచ్చి చూసింది. "బాగుండాదప్పా" అంది.

మూడు వారాలు ఆ గదిలో పనిచేసింది. తరువాత అల్లుడు కువైటుకు పోతున్నాడని, పులివెందులలో కూతురికి తోడు కావాలని చెప్పి మానేసింది. వెళ్ళేరోజు గుమ్మంలో ఆగి, "కట్టల్లో యాడన్నా అనుమానమొస్తే చీటీ రాసి పైన పెట్టినా. చూసుకోండి" అంది. చూసుకుంటామన్నాను.

ఆ చీటీల సంగతి నాకు అప్పటికే తెలుసు. స్కాను చేస్తూనే ఆమె చదువుతుండేది. చేతికి కాగితం తగిలితే చదవకుండా ఉండలేదు. ఎక్కడైనా తిరకాసు కనిపిస్తే క్యాలెండరు కాగితం మీద రెండు ముక్కలు రాసి ఆ కట్టకు మొదటి పేజీగా పెట్టి దాన్నీ స్కాను చేసేది. దానివల్ల జాబితాలో ముప్పై నాలుగు పేజీలని ఉంటే తెరమీద ముప్పై అయిదు వచ్చేవి. లెక్క కలవడం లేదని చదివేవాళ్ళు నా దగ్గరికి వచ్చారు. జాబితాలో లేని పేజీ ఏదైనా సరే తీసేయండి అని చెప్పాను. తీసేసిన వాటిలో ఏముందో చదవలేదు. వాళ్ళనూ చదవమనలేదు.

ఎనిమిది నెలలకు ఒక ఆమె మా మెట్లెక్కి వచ్చింది. లింగాల దగ్గరి పల్లె. ఒకప్పుడు గొర్రెలు మేపుకుని, ఇప్పుడు శనగ వేసుకునే కుటుంబం. చంకలో గుడ్డసంచి, దానినిండా కాగితాలు. ఎవరితో మాట్లాడాలో తెలియక గది మధ్యలో నిలబడే మాట్లాడింది. తన చేలో సోలారువాళ్ళు రాళ్ళు పాతుతున్నారట. ఇదేందని అడిగితే, ఈ చేను నీది కాదు, పెద్దాయన కొడుకులది, వాళ్ళు సంతకాలు పెట్టారు అన్నారట.

"నా మొగుడు సచ్చిపోయి ఆరేండ్లాయ" అంది. "ఇప్పుడేమో మీ కాయితంలో ఆయప్ప పుట్టనే లేదంటాండారు. పుట్టినాడో లేదో మీరే చెప్పండి."

ఆమె మొగుడు నడిపి దస్తగిరి.

కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, రిపోర్టు తీయించాను. దస్తగిరి, తండ్రి ఫలానా, మొత్తం విస్తీర్ణం ఒకే మనిషి కింద. నా నియమం చెప్పినట్టే రాశారు. రాసినవాళ్ళ తప్పు ఒక్క అక్షరం కూడా లేదు. తీసేసిన పేజీలు కంప్యూటరులో ఒక మూల మిగిలి ఉంటాయని అప్పుడు గుర్తొచ్చింది. వెతికాను. ఆ కట్ట నుంచి తీసేసింది ఒక్కటే పేజీ. క్యాలెండరు గడులు వెనకనుంచి లీలగా కనపడుతున్నాయి. 'ఈడ ముగ్గురు దస్తగిరులు ఉండారు. దక్షిణం చేనోళ్ళ పత్రంలో ఉత్తరం హద్దు నడిపి దస్తగిరి అని ఉంది. ఈ చేను నడిపాయనది. చూసుకోండి.'

మరునాడే పులివెందుల బస్సెక్కాను. రిపోర్టు, స్కాను కాగితాలు, అన్నదమ్ముల భాగాల పత్రం అన్నీ పెట్టుకున్నాను. ఆ చీటీ ప్రతి మాత్రం పెట్టుకోలేదు.

ఆపా చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. నన్ను చూసి లేవబోయింది. వద్దని పక్కనే కూర్చున్నాను. జరిగింది చెప్పాను. సర్వే నంబరు, పేజీ సంఖ్య, రిపోర్టు సంఖ్య, విస్తీర్ణం సెంట్లతో సహా చెప్పాను. ఆమె అంతా విని, "ఆయమ్మ పేరేంది?" అంది.

నాకు తెలియదు. ఆఫీసులో గంటసేపు నా ఎదురుగా కూర్చున్న మనిషిని పేరడగలేదు. నడిపి దస్తగిరి భార్య అన్నాను.

ఆపా చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపింది. "దీనిపైన చీటీ పెట్టినట్ల గుర్తు నాకు. చూసినారా మీరు?"

ఇదీ నేను చెప్పాలనుకున్న చోటు. లేదు ఆపా, నేనే తీసేయించాను, ఎవరమూ చదవలేదు. అంత చిన్న సంగతే. అది చెప్తే ఆమె ముందు నేను ఎంతవుతానో కూడా ఆ క్షణంలోనే లెక్కవేసుకున్నాను.

"చూసినాం ఆపా" అన్నాను.

"చూసినారా?"

"చూసినాం."

పక్కకు జరిపిన గిన్నెను ఆమె మళ్ళీ ముందుకు లాక్కుంది. తరువాత నెమ్మదిగా అంది. "పదిమంది చూసి గూడా పెద్దాయనదే అని రాసినారంటే, నేను రాసింది సరిగ్గా ల్యాకపోయిందేమోలే. ఆ గదిలో ఎల్తురు గూడా సరిగ్గా ఉండల్యా."

వెలుతురు సంగతి కాదని నాకు తెలుసు. తలాడించాను.

కాగితాలు తీసుకుంది. ఇదివరకు ఒక గుక్కలో చదివే భాగాల పత్రాన్ని మూడుసార్లు చదివింది. మధ్యలో నావైపు తిప్పి, "ఇది దచ్చినమే గదా? నువ్వు గూడా చూడప్పా" అని అడిగింది. గొలుసుకట్టు రాత నాకు రాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా అడిగింది. ఆమె ఒకరిని అడగడం నేను చూసిన మొదటిసారి అదే. చివరికి, ఆ ఆడమనిషిని తన దగ్గరికి పిలుచుకుని రమ్మంది, కాగితం మీద తనకు నమ్మకం చాలడం లేదంది.

పిలుచుకుని వెళ్ళాను. ఇద్దరూ ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నారు. వంక ఎటు పారుతుంది, బావి ఎవరు తవ్వించారు, ఏ గట్టు మీద ఎవరి వేపచెట్టు అని ఆపా అడగడం, ఆమె చెప్పడం. చివరికి తేలింది చీటీలో ఉన్నదే. రిపోర్టు మార్చాం. పెద్దాయన కొడుకులు రెండు రోజులు గొణిగి, ఊళ్ళో పెద్దమనుషుల ముందు ఒప్పుకున్నారు. కౌలు కాగితం ఆమె పేరుతో మళ్ళీ రాశారు. నడిపి అనే మాటను నేనే కంప్యూటరులో మళ్ళీ చేర్చాను.

అంతటితో ఆగలేదు. ఆపా మూడు వారాల్లో పెట్టిన చీటీలు మొత్తం నలభై ఒకటి. అన్నీ బయటికి తీయించి ఒక్కొక్కటిగా సరిచూశాను. నాలుగు నెలలు పట్టింది. ముప్పై ఏడు సరైనవి. నాలుగింటికి అసలు కాగితాలు దొరక్క ఏమీ తేలలేదు. తప్పని తేలింది ఒక్కటి కూడా లేదు. పదకొండు మందిలో ఎవరి పనిలోనూ, మా ఆఫీసు నడిచినన్నాళ్ళూ, నేను అలాంటి లెక్క చూడలేదు. దాన్ని ఒక కాగితం మీద తేటగా రాశాను. చివర మొత్తం వేసి కింద గీత గీశాను. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని మళ్ళీ పులివెందుల వెళ్ళాను. ఈసారి చెప్పడానికే వెళ్ళాను.

ఆపా కొంచెం చిక్కిపోయింది. కూతురు టీ తెచ్చింది. లింగాల ఆమె బాగుందా అని అడిగింది ఆపా. ఈసారి పేరు పెట్టి అడిగింది. బాగుందని, నువ్వు చెప్పిందే నిజమైందని అన్నాను.

"ఆయమ్మ వొచ్చి నోటితో చెప్పబట్టి తేలింది గానీ, నాదేముందప్పా" అంది.

జేబులోకి చెయ్యి వెళ్ళింది. అప్పుడే వాకిట్లో ఎవరో పిలిచారు. ఆ వీధిలోనే ఉండే ఒకాయన. చేతిలో పాత దస్తావేజు. పాలిథిన్ కవరులో భద్రంగా చుట్టి తెచ్చాడు. చెప్పులు గడప బయట విడిచి లోపలికి వచ్చి, "పిన్నమ్మా, ఇది కొంచెం చూసి చెప్పు. మా నాయన కాలం నాటిది, ఎవురికీ అంతుబట్టల్యా" అన్నాడు.

ఆపా చెయ్యి చాచలేదు. కూతురు అందుకోబోతే వద్దన్నట్టు తల ఊపింది.

"నేను చదవడం మానుకున్న్యా నాయనా. ఇంతకు ముందు చదివిందాంట్లోనే తప్పులు పొయ్యినాయి. ఒగరి చేను ఇంకొగరిదైపోతే ఆ పాపం నాకొద్దు. రిజిస్టరాఫీసు కాడ ఎవురన్నా ఉంటారు, ఆడ చూపిచ్చుకో."

ఆయన ఒకసారి నావైపు చూశాడు, నేనేమైనా చెప్తానేమోనని కాదు, కొత్తమనిషినని. కవరు మళ్ళీ మడతలు పెట్టాడు. ఒకటి సరిగ్గా రాక విప్పి మళ్ళీ మడిచాడు. వాకిట్లోకి వెళ్ళి చెప్పుల్లో కాలు పెట్టాడు. ఒక చెప్పు వారు తెగి ఉన్నట్టుంది, వంగి సరిచేసుకున్నాడు. నిమిషం కంటే ఎక్కువే పట్టింది. నా చూపుడువేలు జేబులో కాగితం మడత మీదే ఉంది. ఆయన వీధి మలుపు తిరిగాక టీ తాగాను. చల్లారిపోయిందేమో, ఇంకోటి పెట్టిమ్మంటానని ఆపా అంటుంటే, వద్దులే ఆపా, బస్సుకు టైమైంది అని లేచాను.